ముందు చూరు చూడమంది దాలమ్మ

పోయిన వారం శృంగవరపుకోట బజారులో తాళ్లు అమ్మే దుకాణం ముందు నిలబడి ఉండగా కొండల మీదుగా వాన దిగింది. దుకాణదారు పట్టా కప్పేలోపే అరుగు మీద పెట్టిన కొబ్బరితాడు చుట్టలన్నీ తడిసిపోయాయి. తడిసిన కొబ్బరిపీచుకి ఒక వాసన ఉంటుంది, ఉప్పునీళ్లలో నానిన మట్టిలాంటి వాసన. అది ముక్కుకి తగలగానే చేతిలో గొడుగు ఉన్న సంగతి కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. "తడిసిపోతన్నారు మేడం, లోపలికి రండి" అని దుకాణదారు పిలుస్తున్నాడు. నా కళ్ల ముందు మాత్రం కళింగపట్నం దగ్గర ఒక చేపల పల్లె, ఆ పల్లెలో ఒక తాటాకు కప్పు, ఆ కప్పు మీద గొంతుక్కూర్చుని తాడు ముడి బిగిస్తున్న ఒక పెద్దావిడ. ఆవిడ పేరు దాలమ్మ. ఇళ్ల పైకప్పుల గురించి నాకు తెలిసినదంతా రెండు చోట్ల నేర్చుకున్నాను. మూడేళ్లు పాలిటెక్నిక్‌లో, రెండేళ్లు దాలమ్మ దగ్గర. ఉద్యోగంలో ఎక్కువగా పనికొచ్చింది రెండో చదువే.

గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌గా నాకు మొదటి పోస్టింగు ఆ పల్లెలోనే. కొండవార ఊళ్లో పుట్టినదాన్ని. సముద్రాన్ని అప్పటికి రెండుసార్లు చూశాను, రెండుసార్లూ బడి పిల్లల విహారయాత్రలోనే. అద్దెకు దొరికిన రేకుల గది ముందు ఆటోలోంచి సామాను దించుకుంటూ ఉంటే పక్కింటి కప్పు మీంచి గొంతు వినబడింది. "ఎవులమ్మా నువ్వు?" తలెత్తి చూశాను. అరవై దాటిన మనిషి. చీర గోచీ పోసి కట్టుకుంది. నడుముకి తాడు చుట్ట, నోట్లో నిప్పు లోపలికి పెట్టి పీల్చే అడ్డపొగ చుట్ట. ఎండుతాటాకు మీద కూర్చుని చుట్ట కాల్చడమేమిటని నేను కంగారు పడడం ఆవిడ కనిపెట్టినట్టుంది. "నిప్పు నా నోట్లో ఉన్నాది కదమ్మా, కప్పుకేటి భయం" అంది. కొత్తగా వచ్చిన ఇంజినీరింగ్ అసిస్టెంట్‌నని చెప్పాను. ఆవిడ కాసేపు నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఇంజినీరమ్మవా. అయితే సెప్పు, ఈ ఇంటికి తుఫాను గాలి ముందు ఏ పక్కనుండి వస్తాది?"

సముద్రం కనిపిస్తున్న వైపు చూపించి తూర్పు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అందరూ అలాగే అనుకుంటారు. తుఫాను గాలి ముందల ఉత్తరం పక్కనుండి వస్తాది. మద్దిలో ఒకపాలి ఆగుతాది. అయిపోనాది అనుకుని మనం బయటికొస్తాం. అప్పుడు దక్షిణం పక్కనుండి మల్లీ కొడతాది. ఏ పక్కనుండి వచ్చినా ముందు సూరు కిందే సెయ్యి పెడతాది. దొంగోడు గొళ్లెం వెతుక్కున్నట్టు. ఇల్లు సూడాలంటే ముందు సూరు సూడు." తుఫాను సుడి తిరుగుతుందనీ, కన్ను దాటాక గాలి దిశ మారుతుందనీ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది ఒక ఇంటి చూరుకి సంబంధించిన సంగతని మాత్రం ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

దాలమ్మ ఈ పనిలోకి వచ్చిన తీరు నాకు ఊరివాళ్లే చెప్పారు. ఇళ్లు కప్పడం ఆవిడ భర్త గురువులుది. ఒక వానాకాలంలో తడి కప్పు మీంచి జారిపడి తుంటి విరిగింది. తర్వాత అతను కర్ర లేకుండా నడవలేదు. సగంలో ఆగిన ఇల్లు ఒకటి ఉంది. వానలు మొదలయ్యాయి. దాలమ్మ నిచ్చెన వేసుకుని ఎక్కింది. ఆ ఇంటి పెద్దాయన వద్దన్నాడట, ఆడది ఇంటి నెత్తి మీద ఎక్కితే లోపల దేవుడు నిలవడని. "కప్పు కారితే మీ దేవుడు తడవడేటి? ఒక్క వాన సూసి సెప్పండి, దిగిపోతాను" అందట ఆవిడ. గురువులు కింద మంచం మీద కూర్చుని ఏ ఆకు మీద ఏ ఆకు రావాలో కేకలేసి చెబుతూ ఉంటే ఆవిడ పైన పని పూర్తి చేసింది. మూడు రోజులు వాన పడింది. ఆ ఇంట్లో చుక్క కారలేదు. ఆ తర్వాత ఎవరూ దిగమనలేదు. అయితే ఆవిడ వెనక మరో ఆడమనిషి ఎక్కిందీ లేదు. తాటాకుతో మొదలుపెట్టి పెంకులూ, రేకులూ దాకా వచ్చింది. శ్లాబు ఇళ్లవాళ్లు కూడా ఎక్కడో కారితే ముందు ఆవిడనే పిలిచేవారు.

నేను చేరిన నెలకే ఇళ్ల పైకప్పుల స్థితి రాసి పంపమని ఉత్తరువు వచ్చింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని ఒక్క పూటలో ఊరంతా తిరిగాను. వీధిలో నిలబడి చూడడం, బాగుంది అనో మరమ్మతు కావాలి అనో రాయడం. సాయంత్రం దాలమ్మ ఎదురుపడి, కొత్తగా నీలంరంగు వేసిన ఒక పెంకుటిల్లు చూపించి, "దీనికేటి రాసినావు?" అని అడిగింది. బాగుంది అని రాశానన్నాను. "లోపలికెల్లినావా?" లేదన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆ ఇంట్లోకి తీసుకెళ్లింది. సాయంత్రపు మసకలో నాకు ఏ లోపమూ కనిపించలేదు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ తీసుకెళ్లింది, ఎండ నడినెత్తి మీద ఉండగా. తలుపులూ కిటికీలూ మూయించింది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే పైన పదిహేను చోట్ల సూది మొనల్లాగా వెలుగు. "ఎలుగు దూరిన సోటల్లా నీరు దూరుతాది. నీరు దూరిన సోట కర్ర పుచ్చుతాది. కర్ర పుచ్చిన సోట గాలికి పని తేలిక" అంది. తర్వాత తన వెదురుకర్ర తీసి, ఇనుప పొన్ను ఉన్న కొనతో గోడ దగ్గర వాసాన్ని పొడిచింది. పైకి నున్నగా రంగేసి ఉన్న వాసంలోకి ఆ మొన వేలెడు దిగిపోయింది. నాకు మొహం ఎత్తబుద్ధి కాలేదు. రిజిస్టరులో ఆ పేజీ కొట్టేసి మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి వారం రోజులు పట్టింది.

ఆ వారం నా జీవితంలో నేను ఎక్కువగా తలచుకునే వారం. ప్రతి ఇంట్లోనూ ఆవిడ ఒకటి కొత్తది చూపించేది. రేకుల ఇంట్లో రేకు వైపు చూడనిచ్చేది కాదు, కొక్కేల వైపు చూడమనేది. ఉప్పుగాలికి రేకు కంటే ముందు కొక్కెం తుప్పు పడుతుంది, దాని కింది రబ్బరు బిళ్ల ఎండకి గట్టిపడి చీలుతుంది. గాలికి రేకు ఊడిందంటారు గాని నిజానికి కొక్కెం ఎప్పుడో వదిలేసి ఉంటుంది. రేకులు ఎగరకుండా పైన బండరాళ్లు పెట్టుకున్నవాళ్లని చూస్తే ఆవిడకి కోపం వచ్చేది. "గాలికి రేకెగిరితే రాయి ఎక్కడ పడతాదిరా? నీ పిల్లల నెత్తి మీదే కదా" అని తిట్టి దగ్గరుండి దింపించేది. శ్లాబు ఇంట్లో అయితే మేడ ఎక్కి నేరుగా తూముల దగ్గరికి నడిచేది. ఆకులూ కాకిగూళ్ల పుల్లలూ అడ్డుపడి నీళ్లు నిలిచాయా, పిట్టగోడ మొదట్లో నాచు కట్టిందా, కింద గదిలో గోడకీ శ్లాబుకీ మధ్య సన్నటి గీత కనిపిస్తోందా. ఆ గీతలో నా గోరు పెట్టి చూడమనేది. కర్రతో శ్లాబుని కింది నుంచి తట్టి వినమనేది. గట్టి చోట కర్ర గణగణమని తిరిగి వస్తుంది. గుల్లబారిన చోట చెవిటి మోత వస్తుంది. మొదటి రోజు ఆ రెంటికీ తేడా నాకు తెలియలేదు. నాలుగో రోజుకి కళ్లు మూసుకుని చెప్పగలిగాను. ఆ సాయంత్రం ఆవిడ గురువులుతో, "ఇంజినీరమ్మకి సెవులొచ్చినాయి" అని చెప్పడం విని నాకు పాలిటెక్నిక్‌లో ఫస్టు క్లాసు వచ్చిననాటి కంటే ఎక్కువ సంతోషమైంది.

రెండో ఏడాది కార్తీకంలో తుఫాను హెచ్చరిక వచ్చింది. రెండు రోజుల వ్యవధి. తాటాకు ఇళ్లూ రేకుల ఇళ్లూ ఖాళీ చేయించి అందర్నీ ఊరి సామాజిక భవనంలోకి చేర్చమని ఆదేశం. దాన్ని ఊళ్లో అందరూ హాలు అంటారు. పెద్ద హాలు, మధ్యలో స్తంభం లేదు, ఆ సంక్రాంతికే తెల్లగా సున్నం కొట్టారు. సర్పంచ్ తవిటయ్య గారి తండ్రి దగ్గరుండి కట్టించిన భవనం అది. ఆయన పేరు గుమ్మం మీద చెక్కి ఉంది. అందరూ లోపలికి రాకముందే ఒకసారి తట్టి చూద్దామని నేనూ దాలమ్మా వెళ్లాం. నేనే బల్ల ఎక్కి తట్టాను. గోడల పక్కన బాగానే పలికింది. మధ్యకి వచ్చేసరికి చెవిటి మోత. రెండు గజాల పొడవునా అదే మోత. కొంచెం గట్టిగా తట్టాను. సున్నంతో సహా అరచేతంత పెచ్చు ఊడి నా కాళ్ల దగ్గర పడింది. లోపలి చువ్వలు తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడివస్తున్నాయి. మేడ ఎక్కితే రెండు తూములూ పూడిపోయి ఉన్నాయి. ఎన్నేళ్ల నుంచో ఎవరో పారేసిన పాత వలల గుట్ట నీళ్లలో నానుతోంది.

తూములు అప్పటికప్పుడు పొడిచి తెరిచాం గాని లోపలి ఇనుము సంగతి రెండు రోజుల్లో బాగయ్యేది కాదు. మా పై అధికారికి ఫోన్ చేశాను. "జాబితాలో ఉన్నది ఆ హాలేనమ్మా. పనికిరాదు అంటే నువ్వు నీ సంతకంతో రాసి పంపు" అన్నారు. నాకప్పటికి ఇరవై నాలుగేళ్లు. తవిటయ్య గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. "మా నాన కట్టించిన హాలమ్మా అది. ఎన్ని గాలులు సూసినాదో నీకు తెలుసా? నిన్నగాక మొన్న వచ్చినావు, తాళం వేసీమంటావేటి?" అన్నారు. మీ నాన్నగారు కట్టడంలో లోపం లేదండి, నీళ్లు నిలిచి ఇనుము తినేసింది అన్నాను. ఆయన వినలేదు. నేను సంతకం పెట్టి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి దగ్గర పెట్టుకున్నాను. ఆ చెవిని కొంగున ముడివేసుకున్నాను. దాలమ్మని అడిగాను, "అది పడకపోతే ఏమవుతుంది పెద్దమ్మా?" అని.

"పడకపోతే మంచిదే కదేటి. నవ్వుతారు. నవ్వినారంటే బతికి ఉన్నట్టే కదమ్మా."

బడి మిగిలింది. చిన్న చిన్న గదులు నాలుగు. నాలుగింటినీ మూల మూలా తట్టాను, గట్టిగా పలికాయి. వీటితోపాటు ఊళ్లో మంచి శ్లాబు ఉన్న ఐదారు ఇళ్లవాళ్లని అడిగి తలుపులు తెరిపించాం. ఇక ఖాళీ చేసిన ఇళ్ల కప్పుల సంగతి. దాలమ్మ నడివీధిలో నిలబడి, హాలు మేడ మీంచి దింపిన పాత వలలు పరిచి, అందరికీ ఒక్కసారే చూపించింది. వల కప్పు మొత్తం మీద పరచాలి, రెండు పక్కలా చూరు దాటి కిందికి దిగాలి. దాని కొసలు ఇంటి స్తంభాలకి కట్టకూడదు. ఇల్లే కదిలితే ఇంటికి కట్టిన తాడు ఏం చేస్తుంది? నేలలో ఏటవాలుగా దిగ్గొట్టిన మేకులకి కట్టాలి. ఉత్తరం వైపు ఎన్ని మేకులో దక్షిణం వైపూ అన్నే ఉండాలి. వలలు కట్టడం ఆ ఊరివాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకటిన్నర రోజుల్లో ఎటు చూసినా ఇళ్లు వలలో పడ్డ చేపల్లాగా కనిపించాయి. చిరిగిన వలలు సరిపోకపోతే కొందరు వేటకి పెట్టుకున్న కొత్త వలలే తెచ్చి కప్పారు. తవిటయ్య గారు మాత్రం ఇటు రాలేదు. రెండో రోజు సాయంత్రానికి అందరూ బడిలోకీ ఆ శ్లాబు ఇళ్లలోకీ చేరారు. గురువులుని మంచంతో సహా మోసుకొచ్చారు. కిటికీలన్నీ చెక్కలు అడ్డుపెట్టి బిగించాం. గాలి లోపలికి దూరితే కప్పుని లోపలి నుంచే ఎత్తుతుందని దాలమ్మ ఒక్కో కిటికీ తానే చేత్తో నెట్టి చూసుకుంది.

గాలి తెల్లవారాక మొదలైంది. ఆవిడ చెప్పినట్టే ఉత్తరం నుంచి. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. కొబ్బరిచెట్లు ఒక పక్కకి దువ్విన జుట్టులాగా వంగిపోయాయి. వాన అడ్డంగా కొడుతోంది. లోపల ఇరుకు, ఉక్క, పిల్లల ఏడుపులు. పది గంటల వేళ గాలి ఒక్కసారి ఆగిపోయింది. ఆకాశం పలచబడింది. మనుషులు ఒక్కొక్కరే వరండాలోకి రాసాగారు. తవిటయ్య గారు గేటు దగ్గరికి నడిచి ఊరి మధ్యకి చూశారు. హాలు తెల్లగా చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆయన నా దగ్గరికి వచ్చారు.

"సూడమ్మా, హాలు ఎక్కడికీ పోనేదు. ఇక్కడ పిల్లగుంటలకి ఊపిరాడతం నేదు. సగం మందిని అటు తీసుకెల్లిపోతాను. తాళం ఇయ్యి."

ఆయన వెనక చాలామంది నిలబడ్డారు. పసిపిల్లల తల్లులు. వాళ్ల ఇబ్బంది అబద్ధం కాదు. నేను దాలమ్మ వైపు చూశాను. ఆవిడ మా వైపు చూడనే లేదు. గోడకి ఆనుకుని ఎవరి పాపనో ఒళ్లో వేసుకుని జోకొడుతోంది. ఆ మాట నా నోటి నుంచే రావాలని ఆవిడ అనుకుందని నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. ఆ క్షణంలో మాత్రం నేను ఒంటరిదాన్ని అనిపించింది. తాళంచెవి నా కొంగున ముడివేసి ఉంది. దాని మీద చెయ్యి వేసి, "ఇవ్వనండి" అన్నాను. "ఇంకా సగం గాలి రావాలి. అది దక్షిణం నుంచి వస్తుంది. ఆ మేడ మీద ఇప్పుడు ఎంత నీరు ఉందో మనకి తెలీదు. నా మీద ఎంత కోపం వచ్చినా సరే, ఇవ్వను." ఆయన మొహం ఎర్రబడింది. "ఆడపిల్లవని ఊరుకుంటన్నాను" అన్నారు. ఇంకా ఏదో అనబోతుండగా గేటు అవతల ఇసుక లేచింది. దక్షిణం వైపు నుంచి. ఎవరూ చెప్పకుండానే అందరూ లోపలికి వచ్చేశారు.

రెండో గాలి మొదటిదానికంటే గట్టిది. పన్నెండు దాటి ఉంటుంది. బండి లోడు రాళ్లు ఒక్కసారే దింపినట్టు ఒక మోత. తలుపు సందులోంచి చూసిన కుర్రాళ్లు పక్కకి తప్పుకుని నాకు చోటిచ్చారు. నేనూ చూశాను. హాలు గోడలు నిలబడే ఉన్నాయి. మధ్యలో కప్పు లేదు. శ్లాబు మొత్తం నడుం విరిగినట్టు నేల మీదికి కూలింది. వాన కొట్టేయడంతో దుమ్ము కూడా లేవలేదు. తవిటయ్య గారు కూడా వచ్చి ఆ సందులోంచి చూశారు. "ఎంతమందిని కూసోబెడదును అందల" అని తనలో తనే అనుకున్నారు. తర్వాత దాలమ్మ వైపు తిరిగి, "దాలప్పా, నీకెలా తెలిసినాది?" అని అడిగారు.

"నాకేటి తెలుసు తవిటీ. ఆ హాలే సెప్పుకుంటన్నాది. మీరు సున్నం కొట్టి దాని నోరు మూసినారు. ఇంజినీరమ్మ తట్టి ఇన్నాది, అంతే."

మూడు గంటలకి గాలి తగ్గింది. ఊరివాళ్లందరం బయటికి వచ్చాం. చెట్లు పోయాయి, స్తంభాలు పోయాయి, రెండు పడవలు వచ్చి బడి వెనక పడ్డాయి. ఇళ్లు మాత్రం ఉన్నాయి. వలల కింద తాటాకులు చెదిరి, తడిసి, కాని అన్నీ కప్పుల మీదే ఉన్నాయి. వీధిలో నడుస్తున్న కొద్దీ ఎవరింటి దగ్గర వాళ్లు ఆగి తాకి చూసుకుంటున్నారు. మనుషులు ఎవరూ పోలేదు. ఒక్కరు కూడా. నేను ఇంటింటికీ వెళ్లి పేరు పేరునా లెక్క చూసుకుంటూ గట్టిగా ఏడ్చేశాను. అలా నడుస్తూ పోతే చివర్న ఒక ఇంటికి కప్పు లేదు. నాలుగు మట్టిగోడలు, మధ్యలో నీళ్లు. అది దాలమ్మ ఇల్లు. ఊరందరి కప్పులకీ వలలు కట్టించిన మనిషికి తన ఇల్లు కట్టుకునే వేళ దొరకలేదు. ఒకటిన్నర రోజులు ఆవిడ వెనకే తిరిగిన నాకూ అది తట్టలేదు. ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా అని అడిగాను. ఆవిడ నీళ్లలోంచి ఒక గిన్నె తీసి బోర్లించి పెడుతూ, "నా కప్పు నాను మల్లీ ఏసుకోగల్ను. ఆల్లు ఏసుకోలేరు కదమ్మా" అంది.

మర్నాడు పొద్దున్నే చూస్తే ఆవిడ ఇంటి ముందు తాటాకు కుప్ప పడి ఉంది. పడిపోయిన చెట్ల ఆకు కొట్టి, తలా మోపెడు తెచ్చారు. తవిటయ్య గారు పంచె ఎగ్గట్టి మొదటి దూలం భుజం మీద మోసుకొచ్చారు. దాలమ్మ నిచ్చెన ఎక్కబోతే ఆపి, గురువులు మంచం పక్కన కూర్చోబెట్టారు. కప్పు మీదికి మగవాళ్లు ఎక్కారు. వాళ్ల వెనక ఆడవాళ్లలో ముందుగా ఎక్కింది ఎర్రమ్మ అనే చేపలమ్ముకునే ఆవిడ. ఆమె తర్వాత ఇంకొకరు. మధ్యాహ్నానికి కప్పు మీద ఆడవాళ్లే ఎక్కువ. నేనూ ఎక్కాను. దాలమ్మా గురువులూ కింద కూర్చుని ఇద్దరూ ఒకేసారి కేకలు. "ఒసే ఎర్రీ, ఆకు తలకిందులు పెట్టినావు, సూసుకో." "సూరు దగ్గర ముడి వదులు, మల్లీ కట్టు." ఎవరో ఒకావిడ, ఇంటి నెత్తి మీద ఎక్కితే దేవుడు నిలవడని అనేవారు కదా అని నవ్వుతూ గుర్తు చేసింది. గురువులు జవాబిచ్చాడు, "దేవుడు నిన్న బడిలోనే ఉన్నాడు, మనతోపాటు ఇరుక్కుని." పొద్దువాలేసరికి ఇల్లు పూర్తయింది. ఆ ఊళ్లో అంతకంటే గట్టి కప్పు లేదని దాలమ్మే ఒప్పుకుంది, మూడుచోట్ల ముడులు మళ్లీ కట్టించాక.

ఆ తర్వాతి వేసవిలో మండలంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్లందరికీ మండల ఆఫీసులో ఒక రోజు శిక్షణ పెట్టారు. దాలమ్మ చేత మాట్లాడిద్దామని నేను అడిగితే అధికారి ఒప్పుకున్నారు. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని కర్ర తెచ్చుకుంది. వేదిక ఎక్కమంటే ఎక్కలేదు. మైకు ఇస్తే పక్కన పెట్టింది. "మాటలు మీకే బాగా వొచ్చును. సూద్దాం పదండి" అని మమ్మల్ని అందర్నీ వెంటేసుకుని ఆ ఆఫీసులోనే గది గదికీ తిప్పింది. చివరికి అధికారి గదిలోకి వెళ్లి, ఆయన కుర్చీకి సరిగ్గా పైన కర్రతో తట్టి, అక్కడున్న ముప్పై మందినీ వినమంది. చెవిటి మోత. ఆయన మెల్లగా లేచి పక్కకి వచ్చారు. "బాబూ, ఇది బాగయినదాకా కుర్సీ ఆ కిటికీ కాడ ఏసుకో. గాలి కూడా తగుల్తాది" అంది. ఆ గది మరమ్మతు వారంలో అయిపోయింది. ఆ రోజు నుంచి మా అందరి బండ్లకీ ఒక్కో వెదురుకర్ర కట్టి ఉండడం మొదలైంది.

దాలమ్మ నిరుడు కన్నుమూసింది, జ్వరంతో, ఆ కప్పు కిందే. నేను వెళ్లేసరికి వాకిట్లో నిచ్చెన గోడకి చేరవేసి ఉంది. దాన్ని ఇప్పుడు ఎర్రమ్మ వాడుతోంది. నన్ను అప్పటికే బదిలీ మీద కొండవారకి పంపారు. ఇక్కడ సముద్రం లేదు గాని వేసవిలో ఈదురుగాలులూ వడగళ్లూ ఉన్నాయి. ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఈ గాలికీ సరిపోయింది. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా గుమ్మం దాటే ముందు నా చూపు చూరు మీదికి పోతుంది. చుట్టాలు నవ్వుతారు, నవ్వనిస్తాను. అంతకంటే ఎక్కువగా నాతో ఉన్నది ఆ బడి వరండాలో ఆవిడ నా వైపు చూడకపోవడం. నాకు తెలిసినది నా గొంతుతోనే చెప్పాలని ఆవిడ ఆ రోజు నేర్పింది. అప్పటి నుంచి ఏ గదిలోనూ నాకు గొంతు వణకలేదు.

ఈ నెల మొదట్లో ఇక్కడి ఒక ఊరి మీద పెద్ద గాలివాన పడింది. మామిడితోటలు నేలపాలయ్యాయి. మర్నాడు నష్టం రాసుకోవడానికి ఫారాలు పట్టుకుని వెళ్లాను. మార్చి నెలలో ఈ ఊళ్లోనే పది మంది ఆడవాళ్లతో కలిసి ప్రతి ఇల్లూ లోపలా బయటా చూసి, కొక్కేలు మార్పించి, పుచ్చిన వాసాలు తీయించాను. ఇప్పుడు ఇంటింటికీ తిరుగుతూ ఉంటే ఆ పది మందీ నా వెంటే నడిచారు. కొన్ని పెంకులు పగిలాయి, అవి రాసుకున్నాను. ఆఖరి ఇంటి అరుగు మీద కూర్చుని ఫారం పూర్తి చేస్తుంటే వాళ్లలో ఒకమ్మాయి నా భుజం మీంచి వంగి, "ఏటి రాస్తన్నారు మేడం?" అని అడిగింది. కప్పు ఎగిరిపోయిన ఇళ్లు అని ఉన్నచోట ఆ అమ్మాయి చేతికే పెన్ను ఇచ్చి రాయమన్నాను. ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో, కాగితం మీద గట్టిగా ఒత్తి రాసింది: ఒక్కటీ లేదు.